కదలని కారు

మునిసిపాలిటీ అధికారి వగ్దీ నా పాత ఫియట్ అద్దానికి పసుపు కాగితం అంటించడం బాల్కనీలోంచి చూసి, చెప్పులైనా వేసుకోకుండా కిందికి దిగాను.

"కదలకుండా పడున్న కార్లన్నీ యజమాని వదిలేసినట్టే లెక్క, మేడమ్. కొత్త రూలు. రేపు బండొచ్చి ఎత్తుకుపోతుంది," అన్నాడు.

"వదిలేశానా? మా ఆయన్ని పట్టించుకోని రోజులున్నాయి గానీ దీన్ని తుడవని రోజు లేదు! ఇంజను మెకానిక్ దగ్గరుంది, అంతే. కారు రోజూ కదులుతూనే ఉంటుంది."

"ఇంజను లేకుండానా? నా చెవిలో పూలు పెట్టకండి."

వీడు కైరోలో పుట్టినవాడేనా అనిపించింది. మా వీధిలో రెండో వరుసలో ఆపిన ఏ కారునీ గేరులో ఉంచం, హ్యాండ్‌బ్రేకు వెయ్యం. లోపలి వరుసవాళ్లు దాన్ని తోసుకుని బయటపడతారు. నా ఫియట్ ఉండేదీ ఆ రెండో వరుసలోనే. ఆ మాట చెప్పబోతే, "నాకు టైము లేదు," అంటూ వెళ్లి తన కారెక్కాడు.

అది లోపలి వరుసలో ఉంది. అతను దూరివచ్చిన సందులో ఈలోపు గ్యాస్ సిలిండర్ల బండి ఆగింది. ఇక నా ఫియట్ జరిగితేనే దారి.

విసుక్కుంటూ దిగాడు. ఏమీ ఆలోచించకుండా, పుట్టినప్పటినుంచీ చేస్తున్న పనిలా, నా ఫియట్ డిక్కీకి భుజం ఆనించి తోశాడు. అది మెత్తగా ముందుకు దొర్లింది. అప్పుడు తల తిప్పి నావైపు చూశాడు.

"కదిలిందా, నాయనా?" అన్నాను.

అతని భుజం ఇంకా డిక్కీకే ఆని ఉంది.

"అయితే ఆ కాగితం పీకెయ్. పనిలో పనిగా ఇంకాస్త తోయి, నీడలోకి వస్తుంది."