ఏడుపుగొట్టు స్విచ్

నేను నిదానంగా చెప్తాను, నువ్వూ అలాగే రాయి తల్లీ. మీ కాలేజీ పిల్లలకీ, పనిలో ఉన్నవాళ్లకీ చదివి వినిపించు.

మా సైటులో మెయిన్ బోర్డు మీద ఒక స్విచ్ ఉండేది. ఎక్కడ వైరు తడిసి కరెంటు కారినా టప్పున పడిపోయేది. బండలు కోసే మిషను ఆగేది, మేస్త్రీ అరిచేవాడు. మేమూ దాన్నే తిట్టేవాళ్లం. ఏడుపుగొట్టుది అని పేరు కూడా పెట్టాం. చివరికి కాంట్రాక్టరు చెప్పాడని, కరెంటు పనివాడు దాన్ని తప్పించి వైరు డైరెక్టుగా కలిపేశాడు. పీడ వదిలిందని అందరం చప్పట్లు కొట్టాం.

మా అన్న బండ కోస్తుంటే వదిన నీళ్లు పోసేది. ఆ మర్నాడు మిషను వైరు అతుకు దగ్గర ఊడింది. వదిన నీళ్లలో నిలబడి వైరు పక్కకి జరిపింది. అంతే, అరవనైనా లేదు. అన్న కర్రతో వైరు లాగేసరికి ఆమె ప్రాణం పోయింది. స్విచ్ మాత్రం పడలేదు.

కాంట్రాక్టరు వచ్చాడు. "తడిచేత్తో వైరెవరు పట్టుకోమన్నారు? తప్పు ఆమెదే. మధ్యాహ్నం నుంచి పని మొదలెట్టండి."

సిమెంటు కలిపే అక్క లేచింది. "నీళ్లు పోసేదానికి పొడిచెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది బాబూ? నువ్విస్తావా?"

"ఊరుకోవే, పోయినామె తిరిగొస్తుందా? పని ఆగితే పొయ్యెలా వెలుగుతుంది?" అన్నాడు మేస్త్రీ.

"నా పొయ్యి ఆరిపోయింది మేస్త్రీ," అన్నాడు అన్న.

కరెంటు పనివాడు ఏడుస్తున్నాడు. "కలిపింది నేనే అక్కా."

"చెప్పింది వాడు, చప్పట్లు కొట్టింది మేము. ఏడుపు తర్వాత, ముందు ఆ వైరు విప్పు," అంది అక్క.

విప్పి, మళ్లీ స్విచ్ లోంచి కలిపాడు. పైకి లేపగానే టప్పున పడింది.

"లేపండ్రా దాన్ని!" అని కాంట్రాక్టరు గంతులేశాడు.

"వైర్లన్నీ మార్చు, అప్పుడు లేపుతాం!" అని అందరం బోర్డు చుట్టూ కూర్చున్నాం.

పోలీసులొచ్చారు. పని ఆపించారని కరెంటు పనివాణ్ణీ, శవం పక్కన కూర్చున్న అన్ననీ జీపెక్కించారు. మేం కదల్లేదు.

కాంట్రాక్టరు వీధి అవతలి సైటు నుంచి ఇంకో కరెంటు పనివాణ్ణి పిలిపించాడు. అతను సంచీ దింపి, స్విచ్ తప్పించడానికి కటింగ్ ప్లేయర్ తీశాడు. బోర్లాపడిన మగ్గు కాలికి తగిలింది.

"ఎవరిదిది?"

"మా వదినది. నీళ్లు పోస్తూ పోయింది," అన్నాను.

"నేనూ అక్కడ డైరెక్టే ఇచ్చాను. నీళ్లు పోసేది మా చెల్లెలు," అన్నాడు.

సంచీ అక్కడే వదిలేసి, వాళ్ల మెయిన్ ఆపడానికి పరిగెత్తాడు. కాంట్రాక్టరు వెనక నుంచి తిడుతూనే ఉన్నాడు. మేమంతా చెవులు రిక్కించి కూర్చున్నాం.

వీధి అవతల మిషన్ల మోత ఒక్కసారిగా ఆగిపోయింది.