రిహానా చుట్టిన కాయిల్

రిహానా చేతిమిషను పిడి తిప్పుతూ రాగి తీగను రెండు వేళ్ల మధ్య బిగువుగా నడిపిస్తోంది. చూపుడువేలి మీద తీగ కోసిన గీతలు, వాటిలో ఎండిన వార్నిష్. బోరు మోటార్లకు చుట్టీ చుట్టీ ఆ వేలు మొద్దుబారింది. ఈ కాయిల్ మాత్రం మోటారుది కాదు, గుండ్ల మిషనుది.

మీట లాగి వదిలితే ఇనుపగుండు పైకెగిరి, బొడిపెలకు కొట్టుకుంటూ, దీపాలు వెలిగిస్తూ దిగివస్తుంది. కింద రెండు రెక్కలు దాన్ని మళ్లీ పైకి తంతాయి. తండ్రి కాలేషా దాన్ని ఉరుసులకూ తిరునాళ్లకూ తిప్పేవాడు. ఆయన పోయాక అది పెరట్లో రేకుల కింద ఉల్లిగడ్డల బస్తాలు మోసింది.

గిద్దలూరులో కాపురం చెడి మార్కాపురంలో పుట్టింటికి వచ్చినప్పటి నుంచి రిహానా మోటార్లు చుడుతూనే ఉంది. బజార్లో దుకాణం తమ్ముడు వాజిద్‌ది, బోర్డు మీద పేరు అతనిది. కాలిన మోటార్లు ఆటోలో ఇంటికి వస్తాయి, ఆమె చుట్టాక దుకాణానికి పోతాయి. రైతు ముందు స్విచ్ వేసేది వాజిద్. అతని హస్తవాసి గురించి రైతులు ఎంత గొప్పగా చెప్పుకుంటున్నారో మరదలు మున్నీ అన్నం వడ్డిస్తూ చెబుతుంది. రిహానా ముద్దను అవసరానికి మించి పిసుకుతుంది. కొమరోలులో భర్త పోయాక మోటార్లు చుట్టే దుకాణం నడుపుతున్న చెంచమ్మ, వచ్చి తనతో కలవమని నిరుడే అడిగింది. పనిలో తమ్ముడు ఒంటరివాడైపోతాడని రిహానా పోలేదు.

గుండ్ల మిషను ఎవరూ చెప్పకుండా మొదలుపెట్టిన పని. ఎలుకలు కొరికిన వైర్లన్నీ మార్చింది, తుప్పు గీకింది. బేస్తవారిపేట రోడ్డులో హోటలున్న గిద్యోను దాన్ని కొనాలని చూడటానికి వస్తున్నాడని తెలిసి, తమ్ముణ్ణి ఒక్కటే అడిగింది. ఎవరు చేశారో ఆయనకు చెప్పాలి. చెబుతానన్నాడు వాజిద్.

చివరి కాయిల్ బిగించేసరికి గిద్యోను వచ్చాడు. దీపాలు వెలిగాయి, గుండు గణగణమంటూ దిగింది. ఇంత పని ఎవరు చేశారని ఆయన నోరు తెరిచాడు.

"మన పనేలే అన్నా" అన్నాడు వాజిద్.

తలుపు దగ్గర నిలబడిన రిహానా వేలి మీది ఎండిన వార్నిష్‌ను గోటితో గీకింది.

అప్పుడే ఓల్టేజి పడిపోయింది. చుట్టుపక్కల బోర్లన్నీ ఒక్కసారి ఆడే వేళ అది. దీపాలు ఎర్రబడ్డాయి, రెక్కలు సగమే లేచి వాలాయి.

"ఏంది భాయ్, ఉపవాస ప్రార్థనలో ఉన్నాయా ఇవి?" గిద్యోను నవ్వాడు.

వాజిద్‌కు రోషం వచ్చింది. పొలాల్లో అలవాటైన పనే చేశాడు. మిషను లోపల కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పించి, కాయిల్ వైర్లు రెండూ నేరుగా మెయిన్‌కు తగిలించబోయాడు.

"డైరెక్ట్ ఇయ్యొద్దు. అది మోటారు కాదు, కాలిపోతాది." అక్క అడ్డుపడింది.

"నాకు తెల్దా ఆపా."

రెక్క ఒక్కసారి ఫెళ్లున తన్నింది. మరుక్షణం మిషను అద్దం కింద నుంచి పొగ. వార్నిష్ కాలిన కంపు గదంతా నిండింది. గిద్యోను వెనక్కి జరిగాడు.

వాజిద్ వైర్లు పీకి, చేతులు దులుపుకున్నాడు. "ఆడోళ్లు చుట్టింది అట్లనే ఉంటాదన్నా. మా ఆపా చుట్టింది ఇది."

గిద్యోను మొదటిసారి ఆమె వైపు చూశాడు, జాలిగా.

రిహానా గొంతు పెంచకుండానే అడిగింది. "ఆడినంతసేపు నువ్వు చేసినావు. కాలినాక నేను చుట్టినానా?"

వాజిద్ చేత్తో పొగ విసురుకున్నాడు.

ఆమె లోపలికి పోయి రెండు జతల బట్టలు, పటకారు, చేతిమిషను సంచిలో పెట్టుకుంది. మున్నీ అన్నం తిని పొమ్మంది. ఎక్కడికని అడిగితే కొమరోలు అని మాత్రం చెప్పి చెప్పులేసుకుంది. సాయంత్రానికి తనే వస్తుందిలే అని వాజిద్ గిద్యోనుతో అంటున్నాడు. వీధి మలుపులో బస్టాండు వైపు పోయే ఆటో ఆగింది, ఆమె ఎక్కింది.

వరండాలో, పెద్దారవీడు రైతుకు ఇవాళే ఇస్తానని వాజిద్ మాటిచ్చిన మోటారు సగం చుట్టి ఉంది. మిగతా సగం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది, తీగ కొస గడప మీదుగా వీధిలోకి వేలాడుతోంది.