పడవ వేలిముద్ర

రోజూ తెల్లారేసరికి నాగులమ్మ పడవ మైపాడు తీరం నుంచి తనంతట తాను నడిచొచ్చి ఆమె గడప ముందు కూర్చునేది. దాని మూతి మీది ఉప్పు తుడిచి, నాగులమ్మ ఎండుచేపల గంపలు సర్దుకునేది. దారికి అడ్డమైతే జనం "కొంచెం జరుగమ్మా" అనేవాళ్ళు, అంతే.

ఇది పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం మాట. మొగుడు పోయిన రెండేళ్ళకు నాగులమ్మ నెల్లూరులో ఎండుచేపల కొట్టు పెట్టాలనుకుంది.

"పొత్తు పత్రం రాయిద్దాం వదినా," అన్నాడు మరిది ఆదెయ్య. "నువ్వూ, నేనూ, పడవా. మూడు వాటాలు."

పడిన చేపల్లో మనుషులతో సమానంగా పడవకీ వాటా తీయడం వాళ్ళ ఆచారం. పడవను భాగస్తు చేయడం ఇద్దరికీ సబబుగానే తోచింది.

ఆదెయ్య సామాన్యుడు కాడు. సొరచేప దవడలు విప్పి, ముక్కుపొడుం పోసి తుమ్మించిన మొనగాడు. సగం తగ్గించే చెబుతున్నా. కానీ ఎవరడిగినా కాదనలేడు. నిరుడు ఒకే గంప రొయ్యలు ముగ్గురు షావుకార్లకు ఇస్తానని మాటిచ్చేసి, మూడు రోజులు ఉప్పుటేరులో మెడలోతున దాక్కున్నాడు.

నెల్లూరులో దస్తావేజులు రాసే పద్మనాభయ్య కలం తీసినాడు. "భాగస్తులంతా వచ్చినారా?"

"వచ్చినాం సామీ. మూడోది బయట నిలబడుంది."

పద్నాలుగు మైళ్ళు నడిచొచ్చిన పడవ చెట్టు నీడన రొప్పుతోంది.

"పాపం, దానిమీద నీళ్ళు పోయండి," అని పద్మనాభయ్య గొంతు తగ్గించినాడు. "నాగులమ్మా, పొత్తులో ఒకరిచ్చిన మాటకు అందరూ కట్టుబడాల. ఇతను నీ సరుకంతా పదిమందికి ఇస్తానంటే నువ్వన్నట్టే. చివరికి పడవ కూడా పోతుంది."

నాగులమ్మ కూడా గొంతు తగ్గించింది. "రెండేళ్ళు నా కడుపు నింపినోడు సామీ. ఎట్టా కాదంటా?"

"అయితే పడవనే అడుగుదాం."

ముగ్గురి పేర్లూ రాసిన కాగితం, స్టాంపు ప్యాడు వాకిట్లోకి తెచ్చినారు. పడవ మూతికి సిరా అద్దుకుని, కాగితం మీది మూడు పేర్లూ వాసన చూసింది. కాగితాన్ని వదిలేసి, నాగులమ్మ అరచేతిలో ముద్ర వేసింది.

పద్మనాభయ్య కలానికి మూత పెట్టినాడు. "తేలిపోయింది. ఇది నీ ఆస్తి, భాగస్తు కాదు. కొట్టు నీ ఒక్కదాని పేరనే పెట్టుకో. దానికి పొత్తు పత్రమే అక్కర్లేదు, లైసెన్సు తీసుకుంటే చాలు. లాభమైనా నష్టమైనా నీదే, మాటా నీదే. ఆదెయ్యకు వేటలో వాటా ఎప్పట్లాగే ఇయ్యి."

నాగులమ్మ భయంభయంగా మరిది వైపు చూసింది. ఇంతలో షావుకారు రంగనాయకులు గొడుగు ఊపుతూ వచ్చినాడు.

"ఏమయ్యా ఆదెయ్యా! కొత్త కొట్టంట కదా. తొలి సరుకు నాకేనని ఒక్క మాట అను!"

ఆదెయ్య నోరు అలవాటుగా తెరుచుకుంది. వదిన అరచేతిలోని సిరా చూసినాడు. నెల్లూరు వీధుల్లో ఎండుటాకులన్నీ లేచేంత ఊపిరి వదిలినాడు.

"నాదేముందన్నా," అన్నాడు, ముప్పై ఏళ్ళ బరువు దించినవాడిలా నవ్వుతూ. "కొట్టు మా వదినది. ఆమెనే అడుగు."

రంగనాయకులు గొడుగు ముడిచి, మొట్టమొదటిసారి నాగులమ్మ వైపు తిరిగి, "అమ్మా," అన్నాడు.