కనురెప్ప మీది కణితి

ఆ వంటింట్లో కుక్కర్లు రెండు. ఒకటి వంటకి, ఇంకొకటి కత్తులకి. వంట కుక్కరు నాలుగు కూతలు కూస్తే దించేస్తుంది. కత్తుల కుక్కరు దించడానికి మాత్రం ఆమెకి ఎప్పటికీ ధైర్యం చాలదు. కొత్తలో పుస్తకంలో చెప్పినంతసేపే ఉంచేది, తర్వాత అంతకి రెట్టింపు, ఈమధ్య ఇక నీళ్లు ఇగిరిపోతాయేమోనన్న భయంతో తప్ప దించడం లేదు. అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఇంకాసేపు ఉండనీ తల్లీ, మళ్లీ లేనిపోని నింద ఎందుకు" అంటుంది. పాపం, కోడలి మీద ప్రేమతోనే అంటుంది. ఎత్తిపొడుపైతే ఎదురు చెప్పొచ్చు, ప్రేమగా అన్నదానికి ఏం చెబుతుంది?

ఆమె భర్త గుర్రాల డాక్టరు. ఆ మాటకొస్తే ఆమె కూడా గుర్రాల డాక్టరే. ఇద్దరూ ఒకే తరగతిలో చదివి, ఒకే రోజు పట్టా పుచ్చుకున్నారు. కానీ ఊళ్లో డాక్టరుగారంటే అతనొక్కడే, ఆమె డాక్టరుగారి ఆవిడ. ఇంటి వెనక రేకుల షెడ్డులో అతను కోస్తాడు, ఆమె మత్తు ఇస్తుంది. గుర్రానికి మత్తు ఇవ్వడమంటే మాటలు కాదు. అంత బరువైన ప్రాణిని దెబ్బ తగలకుండా పడుకోబెట్టాలి, కోత అయ్యేదాకా దాని ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి, తెలివొచ్చేటప్పుడు బెదిరి లేచి కాళ్లు విరగ్గొట్టుకోకుండా తల దగ్గర కూర్చుని బుజ్జగించాలి. ఇంతవరకూ ఆమె చేతిలో ఒక్క గుర్రమూ పోలేదు. అయినా దాన్నెవరూ పని కింద జమకట్టలేదు. అతను కుట్లు వేసి, చేతులు తుడుచుకుని, గుర్రం యజమానితో కబుర్లలో పడేసరికి ఆమె నెత్తుటి నేల కడిగి, ఏప్రన్లు నానబెట్టి, వాళ్లిద్దరికీ టీ పట్టుకెళ్లాలి. "మీ ఆవిడ మీకు భలే సాయంగా ఉంటుందండీ" అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. అతను చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు.

నింద మొదలైంది ఓ నల్లగుర్రంతో. దాని మెడ మీద కణితి లేస్తే అతను శుభ్రంగా కోసి తీశాడు. కొన్ని నెలలకి అదే చోట, ముందుకంటే పెద్దగా, పచ్చిపుండులా మళ్లీ లేచింది. యజమాని వచ్చి నిలదీశాడు. భర్త ఓ క్షణం తటపటాయించి, "కోతలో లోపం లేదండీ. పనిముట్లు కడగడంలో మా ఆవిడ ఎక్కడో అశ్రద్ధ చేసుంటుంది" అన్నాడు. టీ పట్టుకొస్తున్న ఆమె గుమ్మం ఇవతలే ఆగిపోయింది. తర్వాత అడిగితే, "ఏదో నోటికొచ్చింది అనేశాను. నా పేరు పోతే ఇద్దరం పస్తుండాలి, నీకైతే పోయేదేముంది?" అన్నాడు. పోవడానికి ముందు ఉండాలి కదా అనుకుని ఆమె కప్పులు కడగడానికి వెళ్లింది. రెండో గుర్రానికి తిరగబెట్టినప్పుడు అతను తటపటాయించను కూడా లేదు. మూడో గుర్రం నాటికి ఆ మాట ఎంత సాఫీగా వచ్చిందంటే, ఆమె కూడా నమ్మేసింది. కత్తి పిడి సందుల్లో మురికి ఉండిపోయిందా? దారం సరిగ్గా ఆరలేదా? ఏ పని చేస్తున్నా ఇవే ఆలోచనలు. తోమితోమి వేళ్ల చర్మం పగిలింది. కూరలో ఉప్పు తగిలితే చెయ్యి భగ్గుమనేది. ఇంత చదువు చదివిన మనిషి తన చేతుల్ని తానే దొంగల్ని కాసినట్టు కాపలా కాయడం మొదలుపెట్టింది. కోసి తీసిన కణితుల్ని అతను గాజుసీసాల్లో మందునీళ్లలో వేసి ముందుగదిలో వరసగా పెట్టించాడు. వాటి మీది దుమ్ము తుడిచేది కూడా ఆమే.

అలాంటి రోజుల్లో పెద్దక్కకి కణితి లేచింది. పెద్దక్క అంటే స్వారీ బడిలో పిల్లలకి మొదటి పాఠం నేర్పే ముసలి ఆడగుర్రం. ఎంత చిన్నపిల్లని ఎక్కించినా అడుగు తడబడదు, అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు. కణితి సరిగ్గా కనురెప్ప మీద, చిక్కుడుగింజంత. బడి పెద్దాయన కబురు చేస్తే ఇద్దరూ వెళ్లారు. అతను ఒక్క చూపు చూసి, వచ్చే వారం కోసేద్దామన్నాడు. గుర్రం తల పట్టుకుని నిలబడ్డ ఆమె కళ్లు కంచె అవతలికి వెళ్లాయి. అవతల పాలవాళ్ల పశువుల కొట్టం. ఓ ఆవు పొదుగు నిండా పులిపిరులు. వాటి మీద ముసిరిన ఈగలే ఎగిరొచ్చి పెద్దక్క కంటి తడి మీద వాలుతున్నాయి. బడిలో గుర్రాలన్నిటికీ ఒకటే బ్రష్షు, జీను బిగించే పటకా కూడా ఒకటే. ఎప్పుడో తరగతిలో విన్న పాఠం కదిలింది. ఆవులకి పులిపిరులు తెచ్చే వైరస్ గుర్రం చర్మంలో దూరితే కణితి అవుతుంది. ఆవుకైతే చాలావరకు దానంతటదే రాలిపోతుంది, గుర్రాన్ని మాత్రం పట్టుకుని వేలాడుతుంది.

ఎవరికీ చెప్పకుండా ఆ కణితి మీదా, దాని చుట్టూ బాగున్న చర్మం మీదా దూదితో అద్ది నమూనాలు తీసుకుంది. ముందుగదిలో సీసాలు తుడుస్తూ తుడుస్తూ ఒక్కో కణితి అంచు నుంచీ చిన్న ముక్క కోసింది. అన్నీ కలిపి, హాస్టల్లో తనతో ఒకే గదిలో ఉండి ఇప్పుడు పరీక్షల ల్యాబ్ నడుపుతున్న స్నేహితురాలికి పంపింది. ఫోన్ వచ్చేసరికి ఆమె కత్తులు తోముతోంది.

"అన్నిట్లోనూ ఆవుల వైరస్సే ఉందే" అంది స్నేహితురాలు. "పైకి బాగున్న చర్మంలో కూడా ఉంది. కణితి ఎంత తీసినా చుట్టూ అది మిగిలే ఉంటుంది, గాయం తగిలితే విజృంభిస్తుంది. నువ్వు ఆ కత్తుల్ని రోజంతా ఉడికించినా తిరగబెట్టేదే, పిచ్చిదానా."

ఆమె పంపు కట్టేసి, వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చింది. సంతోషంతో కాదు. చెయ్యని తప్పుని ఇన్నేళ్లు కడిగినందుకు కోపంతో ఏడ్చింది. అతను అబద్ధమాడాడని కాదు, ఆ అబద్ధాన్ని తను నెత్తిన పెట్టుకుని మోసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మనసులో ఓ మూల అతని మీద జాలి కూడా ఉంది. పాపం అతనికీ తెలియదు కదా, చెబితే మారతాడు అనుకుంది.

భోజనాల దగ్గర చెప్పింది. అతను తల ఎత్తకుండా అంతా విని, "తెలుసు, ఎప్పుడో చదివాను" అన్నాడు.

తెలిసీ ఎందుకు కోస్తున్నారని ఆమె అడిగింది.

కోయమని వచ్చినవాడికి కోయకపోతే ఇంకో డాక్టరు కోస్తాడని అతను మామూలుగా చెప్పుకుపోయాడు. కోసినవన్నీ తిరగబెట్టవు కదా అన్నాడు. పెద్దక్కకి లేచింది మెడ మీద కాదు, రెప్ప మీద, తిరగబెడితే మళ్లీ కోయడానికి చర్మం మిగలదు, కన్ను పోతుంది అని ఆమె అంది. "వస్తే అప్పుడు చూసుకుందాంలే" అని అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అప్పుడు ఏం చూసుకుంటాడో ఆమెకి తెలుసు. అత్తగారు ఇద్దరి మొహాలూ చూసి, మగవాళ్ల పనిలో మనకెందుకమ్మా అని మజ్జిగ అందించింది.

కోత రోజు పెద్దాయన తనే పెద్దక్కని నడిపించుకొచ్చాడు. షెడ్డులో పరుపులు పరిచి ఉన్నాయి. భర్త చేతితొడుగులు వేసుకుని, "ఊఁ, కానీ" అన్నాడు, రోజూ అన్నట్టే. ఆమె కదల్లేదు. ఇన్నేళ్లలో యజమానులతో నేరుగా మాట్లాడిన అలవాటు లేకపోయినా పెద్దాయన వైపు తిరిగింది. ఇది ఆవుల నుంచి వచ్చిన వైరస్ వల్ల లేచిన కణితని, కోస్తే ఇంతకి రెండింతలై తిరగబెట్టే ప్రమాదం ఉందని, అప్పుడు కన్నే తీసెయ్యాల్సి రావచ్చని చెప్పింది. ఈగలు వాలకుండా మొహానికి తెర కట్టాలని, బ్రష్షు, పటకా దేని దానికే ఉంచాలని చెప్పింది.

"మరి మందేమీ లేదా తల్లీ?" అన్నాడాయన.

"ఉంది. కణితిలోకే సూదితో ఎక్కించాలి. నెలలు పడుతుంది. తప్పకుండా తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ ఇవాళ దీనికి మత్తు మాత్రం ఇవ్వను."

పెద్దాయన డాక్టరుగారి వైపు చూశాడు. డాక్టరుగారు ఆమె పక్కకి వచ్చి, పళ్ల బిగువున, "పరాయివాళ్ల ముందు నా పరువు తీస్తావా?" అన్నాడు.

ఆమె గుర్రం మెడ మీద చెయ్యి వేసింది.

"మీ పరువుకి ఇన్నాళ్లూ నన్ను అడ్డుపెట్టుకున్నారు, ఊరుకున్నాను. దీని కన్ను అడ్డుపెడతానంటే ఊరుకోను."