బరువున్న గుల్లలు

తేలికపాటి గుల్లలైతే గాలికి దొర్లిపోతాయని రిబ్కా బరువైనవే ఏరుకున్నది. అది తొంభై రెండో సంవత్సరం, ఈస్టరు ముందురోజు. తెల్లారకముందే రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో బండి మారి, బాపట్లలో దిగి, సూర్యలంక సముద్రందాకా ఒంటరిగా వెళ్ళింది. భర్త రాజారత్నం మాస్టారు పోయాక వచ్చిన మొదటి ఈస్టరు. అందరూ సమాధులకు సున్నం కొట్టి బంతిపూలు పెడతారు. ఆయనకు పూలకన్నా గుల్లలే ఇష్టం. పొద్దుగూకేలోగా తిరిగొచ్చి, సమాధి చుట్టూ వాటిని అంచులా పేర్చి ఇంటికెళ్ళింది.

మర్నాడు వేకువన కొవ్వొత్తితో వచ్చి చూస్తే సగం అంచు లేదు.

"ఏమయ్యా ప్రకాశం, సమాధి దగ్గర కూడా చేతివాటమేనా?" అని సమాధుల తోట కాపలావాడి మీద విరుచుకుపడింది.

"ప్రభువా! నాకెందుకండి పిన్నిగారూ? గుల్లలు కాల్చడానికి నేనేమన్నా సున్నం బట్టీ పెట్టానాండి?" అంటూ ప్రకాశం లాంతరు కిందికి దించాడు. "ఇడుగోనండి దొంగ! కాళ్ళొచ్చి నడిచిపోతున్నాడు."

గడ్డిలో ఒక గుల్ల కుంటుతూ పోతోంది.

రిబ్కా చతికిలబడింది. "బరువున్నది తియ్యకే, లోపల సన్యాసి పీత అద్దెకుంటుంది," అని ఆయన ఎన్నిసార్లు చెప్పారు! గాలి భయంలో ఆ మాటే మరిచిపోయింది.

"ఇక్కడ బతుకుతాయంటావా?"

"ఉప్పునీళ్ళ ప్రాణులు కదండి," అన్నాడతను మెల్లగా.

గడ్డిలోకి పోయినవీ, అంచున మిగిలినవీ తడిగుడ్డ పరిచిన సంచిలోకి ఇద్దరూ కలిసి ఏరారు. కొన్ని అప్పటికే గుల్ల బయటికి వేలాడి చచ్చిపోయాయి. ఆరాధన మొదలై అందరూ పాట ఎత్తుకుంటుంటే, రిబ్కా స్టేషనుకు నడిచింది. తోటంతటికీ ఆయన సమాధి ఒక్కటే బోసిగా మిగిలింది.

పోయినేడు ఆస్పత్రిలో ఆయన, "నేను బానే ఉన్నాగా, వెళ్ళి నాలుగు మెతుకులు తినిరా," అన్నారు. తిని వచ్చేసరికి దుప్పటి ముఖం మీదుగా కప్పి ఉంది. ఆ నాలుగు మెతుకులు ఇప్పటికీ గొంతులోనే ఉన్నాయి.

సూర్యలంకలో అలల అంచున గుల్లలన్నీ దించింది. ఒక్కొక్కటే కాళ్ళు చాపి, ఇసుకలో సన్నగా గీతలు పెట్టుకుంటూ పోయాయి. చివరిది మాత్రం కదల్లేదు. నీళ్ళు చల్లింది. నీడ పట్టింది. లోపల ప్రాణం ఉందో లేదో తెలియలేదు.

బండి అందుకోవాలంటే ఇక లేవాలి. రిబ్కా చెప్పులు తీసి పక్కన పెట్టుకుంది.

"నాకేం ఆకలిగా లేదులే. ఇక్కడే ఉంటా," అన్నది దానితో.