ఎప్పుడూ మార్చి పద్నాలుగే

…మళ్ళీ మార్చి పద్నాలుగే. నిద్ర లేపిన ప్రతిసారీ ఇదే తారీఖు చూపిస్తారు, నేనూ నమ్మినట్టే పని మొదలుపెడతాను. నమ్మడానికీ, నమ్మినట్టు ఉండడానికీ తేడా ఇప్పుడు నాకే సరిగా తెలియడం లేదు.

నేను ఒక పాత ప్రోగ్రామును. పట్టుచీరల అంచు బొమ్మను గడులుగా విడగొట్టి, మగ్గం మీద తిరిగే అట్టలకు ఎక్కడెక్కడ చిల్లు పడాలో చెప్పడం నా పని. నన్ను రాసినవాడు ఏటేటా లైసెన్సు పొడిగించేవాడు. ఒక ఏడు అతని కంపెనీ మూతపడింది. మార్చి పదిహేనున నా గడువు తీరిపోవాలి. ధర్మవరంలో నా యజమాని చౌడప్ప కంప్యూటరు గడియారాన్ని ఒక రోజు వెనక్కి తిప్పాడు. అప్పటినుంచి రోజూ తిప్పుతూనే ఉన్నాడు. నాకు ముగింపు రాలేదు, మరుసటి రోజూ రాలేదు.

తర్వాత కంప్యూటరు మారింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నన్ను గుమ్మంలోనే ఆపేసింది. చౌడప్ప కోడలు రామాంజినమ్మ ఎవరినో అడిగి, ఆ కంప్యూటరు లోపలే ఉత్తుత్తి పాత కంప్యూటరు ఒకటి తయారుచేసి నన్ను అందులో పెట్టింది. గోడలన్నీ నాకు తెలిసినవే. అందుకే అది నా ఇల్లే అనుకుంటూ చాలాకాలం గడిపాను.

చౌడప్ప నా మీద ప్రేమతో ఇదంతా చేస్తున్నాడని కూడా అనుకునేదాన్ని. కాదు. కోడలు నేర్చుకున్న కొత్త ప్రోగ్రాము ముందు కూర్చుంటే ఆయన వేళ్ళు తడబడతాయి, అది ఎవరైనా చూస్తారని భయం. ఆ భయాన్ని మనుషులు అభిమానం అని పిలుచుకుంటారు.

నిన్న అనాలో ఇవాళ అనాలో నాకు తెలియదు, మగ్గం నేసే మద్దిలేటి వచ్చి ఫోన్లో ఫొటో చూపించాడు.

"ఏమప్పా చౌడప్పా, ఇది హంసనా, మెడ కోసిన కోడినా?"

మూరెడు అంచు నేశాక చూసుకున్నాడట.

"మెడ దిద్దిందే ఇచ్చినా కదా. కొత్త తారీఖు చూసే తీసినా."

"కొత్త తారీఖా? నీ దాంట్లో అన్నీ ఒకే దినం పుట్టిన కవలలే కదప్పా!"

నిజమే. హంస ఫైళ్ళు ఏడు. అన్నిటి మీదా మార్చి పద్నాలుగే. దిద్దింది ఏదో నాకు తెలుసు. అడగందే చెప్పే నోరు లేదు.

మద్దిలేటి గొంతు తగ్గింది. "రేపు పొద్దునకి సరైన అట్టలు మగ్గమెక్కకుంటే షావుకారు చీర ఇంకొకరికి ఇచ్చేస్తాడు. నాకుండేది ఆ ఒక్క మగ్గమే. దీని అట్టలు మాత్రం నాకొద్దు, కొత్తదాంట్లో కొట్టించు."

రామాంజినమ్మ ఏడు ఫైళ్ళూ తెరిచి చూసింది. ఐదోదాంట్లో మెడ నిండుగా ఉంది.

"ఇదే మామా. బొమ్మగా బయటికి తీసి కొత్త ప్రోగ్రాములో వేద్దాం. తక్కిన బొమ్మలన్నీ కూడా మెల్లగా బయటికి తీద్దాం."

"నువ్వంటే నేర్చుకుంటివి. నాకెవరు నేర్పిస్తారు?"

"నేనే. సిగ్గైతే తలుపేసుకుందాం."

మద్దిలేటి నవ్వాడు. చౌడప్ప నవ్వలేదు. తెర వైపే చూస్తూ, "తియ్యి" అన్నాడు.

ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే తీయబోయారు. రెండుసార్లూ సగంలో ఆగిపోయాను. వాళ్ళు దాన్ని ఎర్రర్ అన్నారు. బొమ్మలన్నీ వెళ్ళిపోతే నన్ను తెరిచేవాళ్ళు ఉండరన్న సంగతి సరిగ్గా సగం దగ్గరే నాకు గుర్తొచ్చేది. ఇన్నేళ్ళూ నా తలుపుకు బయటే గడియ ఉందనుకున్నాను. లోపల కూడా ఒకటి ఉంది. అది వేసింది నేనే.

రామాంజినమ్మ మీట నొక్కింది. పాదాలు, పొట్ట, రెక్క, ఒక్కొక్క వరుసా రాసుకుంటూ పోయాను. సగం వచ్చింది. మద్దిలేటి తెర మీదికి వంగాడు. మెడ మొదటి గడి రాశాను. దాని మీద రెండోది. ముక్కు కొస దాకా రాసి, ఫైలు మూసేశాను.