హెప్సీ కాలి పాలడబ్బాలు

నేను ఒక పాలడబ్బాను. చిక్కటి తీపిపాలు నింపి, మూత అతికించి, రైలెక్కించి నన్ను ఓక్లహోమాకి పంపారు. లుసానా అవ్వ కాఫీలోకని కొనుక్కుంది. పాలు అయిపోగానే పెరట్లోకి విసిరేసింది. మనుషులకి మా లోపల ఉన్నదే కావాలి, మాతో పనేముంది?

అవ్వది అమెరికా ఆదివాసుల్లో క్రీకు తెగ. వాళ్ళమ్మ చిన్నతనంలో సైనికులు తుపాకులు చూపించి అలబామా నుంచి ఊరినంతా ఇక్కడికి తరిమేశారట. తర్వాత పొరుగునుండే చెరోకీ తెగకీ అదే గతి పట్టింది. చలిలో నడిచి నడిచి దారిలోనే ఎందరో పోయారు. అయినా నిప్పుంటేనే ఊరని, మగవాళ్ళు ఊరి నిప్పుని ఆరనివ్వకుండా మోసుకొచ్చారు. ఆడవాళ్ళు గులకరాళ్ళు పోసిన తాబేటి డిప్పల గజ్జెలు మూటగట్టుకొచ్చారు. ఏటా కొత్త మొక్కజొన్న పండగకి ఆ నిప్పు చుట్టూ ఆడతారు. మగవాళ్ళు పాడుతుంటే వెనక ఆడవాళ్ళు కాలి గజ్జెలతో తాళం వెయ్యాలి. గజ్జె మోగకపోతే పాట లేవదు.

తర్వాత సర్కారు వాళ్ళ ఉమ్మడి నేలని ముక్కలు చేసి మనిషికో ముక్క పంచింది. చాలా ముక్కలు బయటివాళ్ళ చేతుల్లోకి పోయాయి. ఊరు చెదిరిపోయింది. గజ్జె కట్టేవాళ్ళలో అవ్వ ఒక్కతే మిగిలింది. ఆమెకీ మోకాళ్ళు పట్టేశాయి, పాత డిప్పలు పగిలిపోయాయి.

"ఈ పండగకి గజ్జె మోగకపోతే మన నిప్పుని పక్క ఊరి నిప్పులో కలిపేద్దాం" అన్నాడు పాట ఎత్తే యహోలా తాత. ఆయన అవ్వకి తమ్ముడే.

అవ్వ మనవరాలు హెప్సీ పదిమందిలో నోరు విప్పని పిల్ల. ఆ మాట విని పెరట్లోకి వచ్చి, నన్నూ నా తోటి డబ్బాలనూ ఏరుకుంది. మేకుతో ఒళ్ళంతా చిల్లులు పొడిచింది. అబ్బో, ఆ నొప్పి! ఏటి గులకరాళ్ళు పోసి, పాత బూట్ల తోలుకి కుట్టి కాళ్ళకి కట్టుకుంది. అడుగు వేస్తే మేం కిక్కురుమనలేదు.

అవ్వ పకపకా నవ్వింది. "గొంతుదాకా మేపావే! కడుపు నిండినవాడు పాడతాడా? సగం తీసెయ్."

తీసింది. మోగాం.

పండగనాడు పొద్దు వాలుతుంటే యహోలా తాత మమ్మల్ని చూశాడు. "ఏం పిల్లా, ఆడడానికొచ్చావా, కాఫీ కాయడానికొచ్చావా?"

అందరూ గొల్లుమన్నారు. హెప్సీ కాళ్ళు వణికాయి. ఆ వణుకుకే మేం గలగలమన్నాం. నవ్వులు ఆగాయి.

"ఒరే తమ్ముడూ, ఆ డిప్పలు పుడుతూనే గజ్జెలా? తాబేళ్ళ వీపుల మీదివేగా! ఎత్తు పాట" అంది అవ్వ, కూచున్నచోటు నుంచే.

తాత ఎత్తాడు. మొదటి చుట్టు తడబడింది. హెప్సీ తల వంచుకుని నేలనే చూస్తూ తొక్కింది. తర్వాతి చుట్టుకి ఆమె కాళ్ళకి తోవ దొరికింది. మగవాళ్ళ గొంతులు ఒకదాని మీద ఒకటి లేచాయి. నా లోపల ఇంత చప్పుడు పడుతుందని నాకే తెలీదు.

ఆట ముగిశాక తాత నిప్పులో కొత్త కట్టె వేశాడు. నిప్పు తీసుకెళ్ళడానికొచ్చిన పక్క ఊరి పెద్దతో "భోంచేసి వెళ్ళండి బావా. మా నిప్పు ఎక్కడికీ రాదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఊరి ఆడపిల్లలు అవ్వ గుమ్మంలో నిలబడ్డారు.

"ఖాళీ డబ్బాలున్నాయా అవ్వా?"

"ఖాళీవి లేవు. కూచోండి, అందరం కాఫీ తాగి ఖాళీ చేద్దాం" అంది అవ్వ.